మాస్టారి పేరు ముందు కీ.శే.

మేము డిగ్రీ చదివిన కాలంలో మనిషి పేరు అచ్చులో పడడమంటే చాలా పెద్ద సంగతి. ఫోన్లు అప్పటికే వచ్చాయి గానీ, వాటిలో మొహం చూపించుకోవడం ఇంకా ఇంత తేలిక కాలేదు. పేపర్లో పడాలంటే ర్యాంకన్నా రావాలి, లారీ కిందన్నా పడాలి. (మాది హైవే పక్క ఊరు కాబట్టి రెండోదానికే అవకాశాలు ఎక్కువ.) ఈ రెండూ చేతకాని మాబోటి వాళ్ళకు మిగిలింది కాలేజీ వార్షిక సంచిక. ఏడాదికొకసారి వచ్చే ఆ పుస్తకంలో పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని కింద పేరు పడితే చాలు, చుట్టాలొచ్చినప్పుడల్లా అమ్మ టీవీ పక్కనుంచి తీసి చూపించేది. ఇప్పటి పిల్లలకి ఇయర్‌బుక్కు అంటే ఫోన్లో వేలితో తోసుకుంటూ పోయే బొమ్మలు. ఎవరి పేరన్నా తప్పు పడితే మధ్యాహ్నానికి దిద్దేస్తారట. వాళ్ళని చూస్తే నాకు అసూయ. నేను ఒక పేరు దగ్గర చేసిన తప్పు ఈనాటికీ దిద్దుబాటు కాలేదు.

మా కాలేజీ చిలకలూరిపేట దాటాక, ఒక జిన్నింగు మిల్లు పక్కన ఉండేది. మిల్లు కరెస్పాండెంటు గారిదే, కాలేజీ కూడా ఆయనదే. సీజన్లో మిల్లు ఆడుతుంటే దూది నూగు కిటికీల్లోంచి క్లాసులోకొచ్చి అందరి నెత్తి మీదా వాలేది. మా బ్యాచ్ గ్రూపు ఫొటో చూసినవాళ్ళు ఇప్పటికీ ఇది రిటైరైన వాళ్ళ సంఘమా అని అడుగుతుంటారు. కరెస్పాండెంటు గారికి దేన్నయినా బరువుతో అంచనా కట్టడం అలవాటు. సంచిక అచ్చయి వచ్చాక చేత్తో ఎత్తి చూసి, "పోయినేటి కంటే తేలిగ్గా ఉందే" అనేవారు. తెరిచి చూసేది మాత్రం రెండే రెండు, తన ఫొటో, దాని కింద తన సందేశం.

నేను ఫైనలియర్‌కి వచ్చిన ఏడాది ఆ సంచికకి ఇరవై అయిదేళ్ళు నిండాయి. సిల్వర్ జూబ్లీ కాబట్టి 'మన సంచిక చరిత్ర' అని నాలుగు పేజీలు పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని నాకు అప్పజెప్పారు. నా గొప్పతనమల్లా ఒత్తులు ఉండవలసిన చోట పెట్టడమే, దాన్ని చూసి నన్ను స్టూడెంటు ఎడిటర్ని చేశారు. నా పైన మా తెలుగు లెక్చరరు ఉండేవారు. ఏది అడిగినా "చూద్దాం" అనేవారు, అందుకని ఆయన్ని చూద్దాం సారు అనేవాళ్ళం. (పెళ్ళిచూపుల్లో అమ్మాయి నచ్చిందా అని అడిగితే కూడా చూద్దాం అన్నారట. ఆ అమ్మాయి వేరే వాళ్ళని చూసుకుంది.) చరిత్ర రాయాలంటే పాత సంచికలు కావాలి గదా. లైబ్రరీలో చివరి ఆరే ఉన్నాయి. అంతకు ముందు పద్దెనిమిదీ ఏమయ్యాయని అడిగితే, గేటు ముందు మిరపకాయ బజ్జీల బండికి వెళ్ళిపోయాయని అటెండరు ఏ మాత్రం సిగ్గుపడకుండా చెప్పాడు.

అప్పుడు చూద్దాం సారు తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి, తప్పొప్పుల మాస్టారి సంగతి చెప్పారు. ఈ సంచికను మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు నడిపింది ఆయనే. ప్రతి సంచిక చివరా తప్పొప్పుల పట్టిక ఒకటి వేయించేవారు కాబట్టి ఆ పేరు. ఎర్ర పెన్ను లేకుండా ఆయన ఏ కాగితమూ చదవలేరట, పెళ్ళి శుభలేఖలు కూడా దిద్ది తిరిగి పంపేవారట. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది. ఒక ఏడాది కరెస్పాండెంటు గారు తన సందేశాన్ని స్వహస్తాలతో రాసి పంపారు. 'విధ్యార్దులు విధ్యతో పాటు వినయం నేర్చుకోవాలి' అని మొదలయ్యే ఆ కాగితాన్ని మాస్టారు శ్రద్ధగా దిద్ది, పైన పదికి మూడు మార్కులు వేసి, అటెండరు చేతికిచ్చి వెనక్కి పంపారు. అందులో రెండు మార్కులు సంతకానికీ, ఒకటి తారీఖుకీ. వేసవి సెలవుల తరువాత మాస్టారిని ఇక రావద్దన్నారు.

ఆ మాస్టారు వేటపాలెంలో ఉన్నారని తెలిసి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. జీడిపప్పు కార్ఖానాల వెనక సందులో చిన్న పెంకుటిల్లు. గింజలు కాల్చే వాసన సందంతా నిండి ఉంది. మాస్టారి భార్య (ఆవిణ్ణి అమ్మగారూ అనేదాన్ని) మజ్జిగిచ్చి కూర్చోబెట్టారు. మాస్టారు లోపలినుంచి పాత పంచెలో చుట్టిన మూట తెచ్చి విప్పారు. పద్దెనిమిది సంచికలూ ఉన్నాయి. అచ్చయిన పుస్తకాల్లో కూడా మార్జిన్ల నిండా ఎర్రసిరా దిద్దుబాట్లే. రోజంతా కూర్చుని రాసుకున్నాను. వచ్చేటప్పుడు మాస్టారు గుమ్మం దాకా వచ్చారు.

"చరిత్ర రాస్తున్నావు గదమ్మా. ఒక్క లైను రాయగలవా? దీన్ని ఆరంభించింది ఫలానా వాడు అని. విశేషణాలేం వద్దు."

"అదేంటండీ, లైనేంటి, పేజీయే రాస్తాను," అన్నాను.

"పేజీ వద్దు. లైను చాలు. నేను మానేసిన దగ్గర్నుంచీ పుస్తకం వచ్చినప్పుడల్లా ఎవర్నో ఒకర్ని అడిగి తెప్పించుకుని చూస్తూనే ఉన్నా. ఎక్కడా పడలేదు," అన్నారు.

ఆ మాట విన్నాక నాకు వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది. బస్సులో కూర్చుని, ఆయన పేరు వెయ్యకపోతే నేను ఎడిటర్నే కాదని శపథం చేసుకున్నాను. (అప్పట్లో బస్సు కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, నాకు శపథాలు వచ్చేవి.)

ప్రూఫులు తయారయ్యాక నేనూ చూద్దాం సారూ కరెస్పాండెంటు గారి గదికి వెళ్ళాం. ఆయన తన సందేశం పేజీని తృప్తిగా చూసుకుని, ఎందుకో ఆ రోజు పేజీ తిప్పారు. చరిత్ర మొదటి లైనులోనే మాస్టారి పేరు కనబడింది.

"ఈ పేరెందుకు వేశారు?"

చూద్దాం సారు ఫ్యాను వైపు చూశారు. "సంచిక మొదలుపెట్టింది వారేనండి," అన్నాను నేను.

"మొదలుపెట్టింది నేనమ్మా. కాగితం ఎవరిది, కాలేజీ ఎవరిది? మన దగ్గర మానేసి పోయినోళ్ళందరి పేర్లూ వేసుకుంటా పోతే ఇది పుస్తకమా, ఓటర్ల లిస్టా? తీసెయ్యండి," అని ఆ పేరు మీద అడ్డంగా గీత గీశారు. తరువాత నివాళి పేజీ తెరిచారు. అందులో వాళ్ళ నాన్నగారి ఫొటో ఉంది. దాన్ని చూడగానే గొంతు మారింది. "ఇది ఇంకొంచెం పెద్దది వెయ్యండి. పోయినోళ్ళని గౌరవించుకోవాలి. వాళ్ళతో మనకేం పేచీ లేదు." అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "అవునూ, ఆ తెలుగు మేష్టారు పోయాడు గదా?" అన్నారు.

మా వైపు ఆ మాటకి రెండు అర్థాలు. ఊరు విడిచిపెట్టినా పోయినట్టే, ఊపిరి విడిచిపెట్టినా పోయినట్టే. ఆయన ఏ అర్థంలో అడిగారో నాకు స్పష్టంగా తెలుసు. "పోయారండి," అన్నాను. కాలేజీ విడిచి పోయారు, వేటపాలెం పోయారు, ఇందులో అబద్ధం ఎక్కడుంది? (ఇరవై ఏళ్ళ వయసులో వ్యాకరణం ఒప్పుకుంటే చాలు, పాపం అంటదనుకునేదాన్ని.)

కరెస్పాండెంటు గారి మొహం మెత్తబడింది. "అయ్యో. ఎన్నాళ్ళయింది?"

"ఏడేళ్ళండి." అదీ నిజమే.

"అంటే ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఏడాదే అన్నమాట. పాపం, కాలేజీ మీద బెంగతో పోయుంటాడు," అని పెన్ను కింద పెట్టేశారు. "వెయ్యండమ్మా, బాగా వెయ్యండి. పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టండి, లేకపోతే మర్యాదగా ఉండదు. ఫొటో మా నాన్నగారి పక్కన వెయ్యండి. కొంచెం చిన్నది."

వరండాలోకి వచ్చాక చూద్దాం సారు నా వెనకే గబగబా నడిచారు. "అమ్మాయ్, మాస్టారు పోయారా? మొన్న చీరాల బస్టాండులో కనపడ్డారే."

"పోయారు సార్. వేటపాలెం."

ఆయన అక్కడే ఆగిపోయారు. గది తలుపు వైపు ఒకసారీ, నా వైపు ఒకసారీ చూశారు. "ఇప్పుడెళ్ళి బతికే ఉన్నారని చెబితే?"

"పేరు తీసేస్తారు సార్."

"మనల్ని కూడా తీసేస్తారు," అన్నారు ఆయన. చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "చూద్దాం," అని స్టాఫ్ రూములోకి వెళ్ళిపోయారు.

అచ్చు పని గుంటూరులో, బ్రాడీపేటలో ఒక డిటిపి సెంటరులో జరిగింది. కోచింగ్ సెంటర్ల మెటీరియలూ, కర్మకాండల కార్డులూ టైపు చేసే అన్న ఒకాయన ఉండేవాడు. ఆయనకి చదవడంతో పనిలేదు, అక్షరాలు కొట్టడమే. పేరు ముందు కీ.శే. కొట్టి, "దీపాలు పెట్టనా మేడం? రెండు పక్కలా ఒకటొకటి, రెడీగా ఉన్నాయి," అన్నాడు. వద్దన్నాను. "పోనీ దండ?" వద్దని గట్టిగా చెప్పాను. అదొక్కటే నేను మాస్టారికి చేసిన మేలు. ఆ తెర మీద ఆ రెండక్షరాలూ రెండు చుక్కలూ చూస్తున్నప్పుడు తీసెయ్యమని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. తీసేస్తే పేరు వెనకే పోతుంది గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయనకి కావలసింది లైను, లైను పడుతోంది, ఇంతకన్నా ఏం చేస్తాం అనుకున్నాను. బయటికొచ్చి చెరుకురసం కూడా తాగాను.

యాన్యువల్ డే నాడు సంచిక ఆవిష్కరించారు. కరెస్పాండెంటు గారు మైకు ముందు నిలబడి, ఏ కాగితమూ లేకుండా మాస్టారి గురించి మాట్లాడారు. అంత బాగా మాట్లాడతారని నేనెప్పుడూ అనుకోలేదు. "నా తప్పు నా మొహాన చెప్పిన మనిషి ఈ కాలేజీలో ఆయనొక్కడే," అని కళ్ళు తుడుచుకున్నారు. అందర్నీ రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. హాలంతా లేచింది. నా వెనక నిలబడ్డ ఫస్టియర్ అమ్మాయిలిద్దరు మాస్టారిని జన్మలో చూసినవాళ్ళు కాదు, అయినా వెక్కి వెక్కి ఏడ్చారు. పక్కన మిల్లు మాత్రం ఆపలేదు, ఆ చప్పుడు వింటూనే తలలు దించుకుని నిలబడ్డాం. చూద్దాం సారు కళ్ళు మూసుకుని దేవుణ్ణి ప్రార్థిస్తున్నారు, మాస్టారి కోసం కాదు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, గర్వంగా ఉంది. పద్దెనిమిదేళ్ళు చేసినదానికి ఒక్క మంచి మాట అనని మనిషి చేత అంత పొగిడించాను గదా అనుకున్నాను. పొగడ్త వినవలసిన మనిషి ఆ సమయానికి యాభై కిలోమీటర్ల అవతల భోజనం చేస్తూ ఉంటారని నాకు తట్టలేదు.

మర్నాడు పూర్వ విద్యార్థులు హైవే మీద ఫ్లెక్సీ కట్టారు. మా వైపు ఫ్లెక్సీ కట్టడానికి ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. మాస్టారి ఫొటో కింద 'కన్నీటి నివాళి' అనీ, ఆ కింద కట్టిన వాళ్ళ ఫొటోలు మాస్టారి ఫొటో కంటే పెద్దవిగానూ వేశారు. దాన్ని చూశాక నాకు భయం పట్టుకుంది. సంచిక ఒకటి సంచిలో పెట్టుకుని వేటపాలెం బస్సెక్కాను.

అమ్మగారు తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా పక్కకు జరిగారు. ఈసారి మజ్జిగ రాలేదు. "నీకంటే ముందు పొద్దున్నే ఇద్దరు దండ పట్టుకొచ్చారమ్మా," అన్నారు. "తలుపు ఆయనే తీశారు."

మాస్టారు పుస్తకం అందుకుని, ముందుగా బరువు చూడలేదు, ఫొటోలు చూడలేదు. చరిత్ర పేజీ తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. చాలాసేపు అదే లైను చదివారు.

"డిటిపి ఆయన పొరపాటండి. చూసుకోలేదు," అన్నాను. అప్పటికే అలవాటైపోయింది గదా.

"అచ్చుతప్పులు నాకు కొంచెం తెలుసమ్మా," అన్నారు మాస్టారు, కోపం లేకుండా. "ఒత్తు జారిపోతుంది. కొమ్ము ఎగిరిపోతుంది. దీర్ఘం ఒకటి ఎక్కువ పడుతుంది. కీ.శే. అనేది దానంతటది వచ్చి కూర్చోదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టాలి."

నేను మొత్తం చెప్పేశాను. గదిలో ఏమన్నారో, నేను ఏ మాట అన్నానో, ఏడేళ్ళని ఎలా చెప్పానో, అన్నీ. ఏడుస్తూ చెప్పానని రాసుకుంటే బాగుంటుంది గానీ, ఏడవలేదు. తలదించుకుని గబగబా అప్పజెప్పినట్టు చెప్పాను.

"రెండు నిమిషాలూ నిలబడ్డాడా?" అని అడిగారు ఆయన.

"నిలబడ్డారండి."

"ఏమన్నాడు నా గురించి?"

చెప్పాను. మాస్టారు ఆ వాక్యాన్ని నా చేత రెండోసారి చెప్పించుకున్నారు. ఆయన మొహంలో సంతోషం లాంటిదేదో కనిపించింది, అది చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

"ప్రతి పుస్తకంలోనూ సవరణ చీటీ అంటిస్తానండి. నేనే కూర్చుని అంటిస్తాను," అన్నాను.

"నేనున్నానని తెలిస్తే ఆ లైను ఉంచుతాడా?"

ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అయితే ఉండనీ."

"ఉండనివ్వడమేంటండీ?" అన్నారు అమ్మగారు. అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆవిడ ముందుకొచ్చారు. "మీకు మతి పోయిందా?"

"ఎప్పటికైనా రావలసిన మాటే గదే. కాస్త ముందు పడింది."

"నా మొహాన బొట్టుండగా మిమ్మల్ని కీర్తిశేషుల్ని చేసి అచ్చేస్తే, ఉండనిమ్మంటారా? మీకు మీ లైను కావాలి. నేనేం కావాలి?"

ఆవిడ నావైపు కూడా చూడలేదు. నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. క్షమించమని అడగాలన్న సంగతి చీరాల దాటాక గుర్తొచ్చింది.

ఆ తరువాత మాస్టారు మాట మీద నిలబడ్డారు. చిలకలూరిపేట వైపు మళ్ళీ రాలేదు. గుంటూరు రావలసి వస్తే బాపట్ల మీదుగా రైల్లో వచ్చేవారు. పాత శిష్యులు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు, ఎలాగూ పోయారు గదా. ఒకరిద్దరికి నిజం తెలిసినా, వాళ్ళు దాన్ని జోకుగా చెప్పుకున్నారు గానీ శుభలేఖ పంపలేదు. నేను మొదట్లో మూడు నెలలకోసారి వెళ్ళేదాన్ని, తరువాత ఏడాదికోసారి, తరువాత ఫోను. నాకు బ్రాడీపేటలోనే ఒక కోచింగ్ సెంటరులో మెటీరియల్ దిద్దే ఉద్యోగం వచ్చింది. కాలేజీ వాళ్ళు వెబ్‌సైటు పెట్టినప్పుడు నేను రాసిన చరిత్రనే యథాతథంగా ఎక్కించారు, కీ.శే.తో సహా. ఆ సంగతి మాస్టారికి ఫోన్లో చెబితే, "నీ వాక్యం ఏమన్నా మార్చారా?" అని మాత్రం అడిగారు.

పోయిన వేసవిలో మాస్టారు పోయారు. ఈసారి ఆ మాటకి ఒకటే అర్థం. అమ్మగారు స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. నేను వెంటనే పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చాలా పెద్ద గ్రూపది, పుట్టినరోజులకి కేకు బొమ్మలు వందల్లో పడతాయి. కాసేపటికి ఒకడు, "ఈయన ఎప్పుడో పోయారు గదా?" అన్నాడు. ఇంకొకడు ఫార్వర్డు మెసేజీలు చూసి పంపమని సలహా ఇచ్చాడు. ఒకమ్మాయి మా ఇరవై అయిదో సంచికలోని పేజీనే ఫొటో తీసి సాక్ష్యంగా పెట్టింది. కరెస్పాండెంటు గారు అందులో ఉన్నారు, ఆయన గొంతుతోనే మెసేజీ వచ్చింది: "అమ్మాయ్, ఆ మేష్టారికి మనం అప్పుడే చేశాం గదమ్మా." అప్పుడు పోలేదు, నేనే అబద్ధం చెప్పాను, ఇవాళ పోయారు, అని అక్షరం అక్షరం దిద్దుకుని రాసి పంపాను. చూద్దాం సారు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. ఆ కిందే ఎవరిదో పుట్టినరోజు మొదలైంది.

నేను వేటపాలెం చేరేసరికి సందులో టెంటు వేశారు. ఇరుగుపొరుగు వాళ్ళూ, అమ్మగారి తమ్ముడూ తప్ప ఎవరూ లేరు. అమ్మగారు నన్ను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"కాలేజీ వాళ్ళెవరూ రాలేదేంటమ్మా? వాళ్ళకి తెలిసిందా?"

"దారిలో ఉన్నారండి," అన్నాను.

ఆ మాట అనేశాక నా మీద నాకే నవ్వొచ్చింది. నెత్తిన దూది నూగుతో కరెస్పాండెంటు గారి ముందు నిలబడ్డ ఆ ఎడిటరమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు, వయసొచ్చినా మంచిదనిపించిన అబద్ధం అలవోకగా ఆడేస్తోంది. అమ్మగారు నమ్మారు. టెంటు వాళ్ళకి ఫోన్ చేసి ఇంకో పాతిక కుర్చీలు తెప్పించమని తమ్ముడికి చెప్పారు. కుర్చీలొచ్చాయి. నేనే నిలబడి, గుమ్మం వైపు మొహం ఉండేట్టు, రెండు వరసలుగా వేయించాను.